మునినారాయణ మేస్టరి నాడి పుస్తకం

కర్ణాటకలో బాగేపల్లి దగ్గరి గూళూరు హైస్కూలు పీటీ మేస్టరు మునినారాయణకి ఒకచోట కాలు నిలవదు. కుర్చీ ఇస్తే అంచు మీదే కూర్చుంటాడు. బస్సులో సీటున్నా డ్రైవరు వెనకాల నిలబడి, ఆయన వేయని బ్రేకు తాను వేస్తుంటాడు. పెళ్ళిభోజనంలో పప్పు వడ్డిస్తుండగానే మజ్జిగ ఎక్కడిదాకా వచ్చిందని మెడ సాచి చూస్తాడు. ఇంతటి తొందర మనిషి తాను మహా నిదానస్తుణ్ణని నమ్మేవాడు. భయమనేది ఆడేవాళ్ళకుంటుంది గానీ ఆడించేవాడికి ఎందుకుంటుందని ఆయన లెక్క.

ఆయన సంకలో ఎప్పుడూ ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది. పిల్లలు దాన్ని నాడి పుస్తకం అనేవాళ్ళు. దాని కథ మొదలైంది చింతామణిలో, రెండువేల ఆరులో.

చిక్కబళ్ళాపురం అప్పటికింకా జిల్లా కాలేదు. కోలారు జిల్లా ఖోఖో పోటీలు ఆ ఏడు చింతామణిలో పెట్టారు. బెంగళూరు నుంచి నచికేత్ అనే కుర్రవాడు, ఆటగాళ్ళ ఆందోళన మీద పరిశోధన చేస్తున్నానని, ఒక కట్ట కాగితాలతో వచ్చాడు. కాగితంలో కన్నడంలో ఇరవై ప్రశ్నలు. ‘ఆటకు ముందు నా గుండె దడదడలాడుతుంది’ వంటివి. ఒక్కోదాని ఎదుట నాలుగు సున్నాలు: ఏమాత్రం లేదు, కొంచెం, బాగా, చాలా.

గూళూరు ఆడపిల్లలకు కాగితం చేతికిచ్చారంటే పరీక్షే. భయముందని రాస్తే జట్టులోంచి తీసేస్తారని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. కెప్టెన్ వీణ అన్నిటికీ ‘ఏమాత్రం లేదు’ అని గుర్తు పెట్టింది. మిగతా పదకొండు మందీ ఆమె భుజం మీదుగా చూసి దించేశారు. వీణ ఏడో ప్రశ్న పొరపాటున వదిలేసింది. పన్నెండు కాగితాల్లోనూ ఏడో ప్రశ్న ఖాళీగానే ఉండిపోయింది.

నచికేత్ కాగితాలు తిరగేసి నవ్వాడు. “పిల్లోళ్ళకి ఆటంటే భయం లేదంట గదా సార్, మరి మీరంటే భయమా?”

మేస్టరికి తల కొట్టేసినట్టయింది. “ఇంకేమన్నా దోవ ఉండాదా?”

“నాడి లెక్కపెట్టినా కొంత తెలుస్తాది. అయితే దాన్ని చూసేదానికి ఒక పద్ధతి ఉండాది సార్, ఎట్లంటే...”

ఆ ఎట్లా ఏమిటో వినేలోపే టాస్ పిలుస్తున్నారని మేస్టరు పరుగెత్తాడు.

ఫైనల్ చివరి నిమిషంలో ఎనిమిదో తరగతి సుమ అవతలి జట్టు పిల్లను తరుముతోంది. ఆ పిల్ల చటుక్కున వెనక్కి జారింది. ఖోఖోలో తరిమేవాళ్ళు వరస చివరనుండే కంబం దాకా వెళ్ళకుండా వెనక్కి తిరగకూడదు. అది సుమకి తెలుసు, మేస్టరికి ఇంకా బాగా తెలుసు. అయినా ఆయన గొంతు చించుకుని “తిరుగు” అని అరిచాడు. సుమ తిరిగింది. ఫౌల్ ఇచ్చారు. ఒక్క పాయింటుతో గూళూరు ఓడింది.

పిల్లకి భయం ముంచుకొచ్చిందని మేస్టరు తేల్చేశాడు. తన అరుపు సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. మర్నాడే బాగేపల్లిలో నోటుపుస్తకం కొన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆటకు ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టడం, మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టడం, నాలుగుతో హెచ్చించి రాయడం. వరసలో మొదట వీణ, చివర సుమ. సుమ దగ్గరికి వచ్చేసరికి చింతామణి గుర్తొచ్చి ఆయన నోరు ఎండిపోయేది. అంకె కూడా ప్రతిసారీ అందరికంటే ఎక్కువే వచ్చేది.

రెండువేల ఎనిమిదిలో కొత్త జిల్లా పోటీలు చిక్కబళ్ళాపురంలో జరిగాయి. సుమ, వీణ లాగే, పదో తరగతికి వచ్చింది. హైస్కూలు జట్టులో అదే ఆఖరి ఏడాది. ఆ రోజు మైదానంలో ఆడితేనే పైపోటీలకు ఎంచుకునేవాళ్ళ కంట పడుతుంది.

పొద్దున సెమీఫైనల్‌కు ముందు నాడి చూశాడు. వీణకి తొంభైరెండు. సుమకి నూటముప్పైరెండు, అంత ముందెప్పుడూ రాలేదు.

“నువ్వు కూచో సుమా.”

“నాకేమీ కాలేదు సార్. బాగుండాను.”

“నోరు అబద్ధం చెప్తాది, నాడి చెప్పదు.”

సుమ బయట కూర్చుని బూట్ల లేసు విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం. జట్టు చచ్చీచెడీ గెలిచింది. ఆమె లేని లోటు అందరికీ కనబడింది, మేస్టరికి తప్ప.

మధ్యాహ్నం నాగరగెరె జట్టుతో ఫైనల్. మళ్ళీ వరస, మళ్ళీ లెక్క. సుమ అంకె ఈసారి నూటముప్పైయారు. ఆయన పేరు కొట్టేయబోతుంటే, పక్కనే మందులపెట్టె పెట్టుకుని కూర్చున్న నర్సు సుజాతమ్మ లేచి వచ్చింది. పొద్దుట్నుంచి ఆమె ఈ తంతు చూస్తూనే ఉంది.

“ఏమప్పా, బొటనవేలితో చూస్తాండావా?”

“ఊ. గట్టిగా పట్టుకోవద్దా?”

“బొటనవేలికి దాని నాడి దానికుంటాది. దాంతో పట్టుకుంటే నీ గుండె కొట్టుకునేదే నీకి తెలుస్తాది. ఇట్లియ్యి.” ఆమె చూపుడువేలూ నడివేలూ సుమ మణికట్టు మీద ఆనించి గడియారం చూసింది. “ఇరవైమూడు. అంటే తొంభైరెండు. ఆటకు ముందు ఆమాత్రం దడ లేకపోతే కాళ్ళెట్ల లేస్తాయి? పిల్ల బంగారంగా ఉండాది.”

మేస్టరు పుస్తకం తిరగేశాడు. ఏ పేజీ చూసినా అంకెలు వీణ దగ్గర మొదలై, మెట్లెక్కినట్టు ఎక్కి, సుమ దగ్గర ఆగుతున్నాయి. రెండేళ్ళు. అందులో పిల్లల భయం ఒక్క చుక్క లేదు. ఉన్నదంతా తనదే. పొద్దున తన గుండెను తానే కొలుచుకుని ఈ పిల్లను బయట కూర్చోబెట్టాడు.

“సార్, చెయ్యియ్యండి,” అంది సుమ. సుజాతమ్మ పట్టినట్టే రెండు వేళ్ళు పెట్టింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. “ముప్పైయైదు. నూటనలభై.” కొంచెం ఆగి, నవ్వకుండానే అంది: “ఈ మ్యాచ్‌కి మీరు కూచోండి సార్.”

మునినారాయణ కూర్చున్నాడు. మందులపెట్టె పక్కన, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. మోకాళ్ళు మాత్రం ఆయన మాట వినకుండా ఊగుతూనే ఉన్నాయి.

ఆఖరి నిమిషం. పాయింట్లు సమానం. తరుముతున్నది సుమ. ముందున్న నాగరగెరె పిల్ల, చింతామణిలో పిల్ల లాగే, చటుక్కున వెనక్కి జారింది. “తిరుగు” అన్న మాట మేస్టరి గొంతులోకి వచ్చింది. విజిలును పళ్ళతో కొరికిపట్టి దాన్ని మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుమ కంబం దాకా పరుగెత్తింది, చేత్తో కంబాన్ని పట్టుకుని గిర్రున తిరిగింది, ఒళ్ళంతా చాచి ఆ పిల్ల మడమ తాకింది.

సాయంత్రం బాగేపల్లి బస్సులో పిల్లలు గెలిచిన హుషారులో పాటలు పాడుతుంటే, మేస్టరు మొదటిసారి డ్రైవరు వెనకాల నిలబడకుండా సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో నాడి పుస్తకం తెరిచి, ప్రతి పేజీలోనూ సుమ పేరు కొట్టేసి, దాని పక్కన తన పేరు రాసుకుంటూ పోయాడు. ఊరొచ్చేదాకా రాసినా పేజీలు ఇంకా మిగిలే ఉన్నాయి.