మడ్‌గార్డు మీది చోటు

ఏదైనా కొనాలంటే నాకు పది చోట్ల అడిగితే గానీ చెయ్యి ఆడదు. చీర కొన్నా అంతే, చెప్పులు కొన్నా అంతే. అలాంటిది ఆ వానాకాలం ముందర ట్రాక్టర్ కొనే పని నా నెత్తిన పడింది. పదిహేను రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఎవరు పలకరించినా కస్సుమన్నాను.

పని నా మీద పడడానికి కారణం మా ఆయన కళ్లు. ఇరవై ఏళ్లు పెద్ద ట్రాక్టర్ నడిపిన మనిషి. షుగర్ వల్ల చూపు తగ్గుతూ తగ్గుతూ పొలం ఒడ్డు ఎక్కడ ఉందో కనపడని దాకా వచ్చింది. ఇక బండి నడపొద్దని దవాఖానలో చెప్పారు. అప్పటి నుంచి నేను నడిపాను. ఆయన నా ఎడమ పక్కన, పెద్ద చక్రాన్ని కప్పే మడ్‌గార్డు మీద కూర్చునేవాడు. వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటర్ ఎంత లోతు దిగిందో, బండి ఎక్కడ కష్టపడుతుందో ఇంజన్ చప్పుడును బట్టి ఆయనకు తెలిసిపోతుంది. ఎత్తు అంటే ఎత్తేదాన్ని, దించు అంటే దించేదాన్ని. మడ్‌గార్డు మీద మనిషి కూర్చోవద్దని బండి మీదే బొమ్మ వేసి ఉంటుంది. మా దిక్కు అందరూ ఆ బొమ్మ మీదే కూర్చుంటారు.

అలా రెండు పంటలు తీశాం. కానీ ఆ పాత బండి క్లచ్ తొక్కాలంటే నేను సీట్లోంచి లేచి నిలబడాల్సి వచ్చేది. మోకాలు వాచింది. దాన్ని ఇచ్చేసి చిన్న ట్రాక్టర్ తీసుకుందామని నేనే అన్నాను. ఆయన సరే అన్నాడు. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలేలోపు తేల్చుకోవాలి. నీళ్లొచ్చాయంటే మడిలో బురద దున్నే కరిగెట పని మొదలవుతుంది, ఆ పని ఎవరి కోసమూ ఆగదు.

ఏది మంచిదని ఎవరిని అడిగినా ఎవరి బండి వాళ్లకు దేవుడు. పిట్లంలో ఉన్న మా అన్న ఒక కంపెనీ పేరు చెప్పి అది తప్ప వేరేది కొంటే తన గడప తొక్కొద్దన్నాడు. మా మరిది ఇంకో కంపెనీ పేరు చెప్పి అంతకంటే పెద్ద ఒట్టు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. బిడ్డ వాడి పారేసిన నోటుబుక్కు తీసి మూడు గడులు గీశాను. బండి గట్టిదేనా, చెడిపోతే ఎవరొస్తారు, ఊళ్లలో ఎన్ని తిరుగుతున్నాయి. నాలుగు కంపెనీలు, మూడు గడులు. ఇక ఎవరి మాటా వినొద్దనుకున్నాను.

మొదటి గడి నింపడానికి బాన్సువాడలో ఉన్న షోరూంలన్నీ తిరిగాం. అమ్మేవాళ్లు సీటు మెత్తదనం గురించి, లైట్ల గురించి చెబుతుంటే మా ఆయన చెయ్యి ఎత్తి ఆపేవాడు. స్టార్ట్ చేయమని, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, తల పక్కకు తిప్పి వినేవాడు. నేను వంగి కింద నూనె కారుతుందేమో చూసేదాన్ని. కొత్తగా కొన్నవాళ్లను అడగలేదు, వాళ్లు మురిపెంలో ఉంటారు. మూడు నాలుగు పంటలు దున్నినవాళ్లను వెతికి పట్టుకుని అడిగాను. నిజం చెప్పాలంటే నాలుగింటిలో ఏదీ చెత్త కాదు. అదే నా ప్రాణానికి వచ్చింది. ఒక్కటైనా చెడ్డదైతే కొట్టేసి హాయిగా పడుకునేదాన్ని.

ఎన్ని తిరుగుతున్నాయో లెక్కపెట్టడానికి అంగడి రోజు బీర్కూర్ పోయే తొవ్వలో చాయ్ హోటల్ ముందు కూర్చున్నాను. పోయే బండికో గీత గీస్తుంటే ఒక రంగు బండి దగ్గర గీతలు బాగా పెరిగాయి. ఇగ ఇదే అనుకుంటుండగా, దాన్ని నడిపేటాయన నా ముందు ఆపి, పొద్దుటి నుంచి ఎవరికోసం చూస్తున్నానని అడిగాడు. ఎరువు బస్తాలు మోస్తూ ఆ బండితో అటోసారి ఇటోసారి ఆయనే తిరుగుతున్నాడట. నేను గీసిన గీతల్లో సగం ఆ ఒక్క బండివే. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం చింపేసి, తెల్లారి నస్రుల్లాబాద్ దాకా పోయి ఇళ్ల ముందు ఆగి ఉన్నవాటిని లెక్కపెట్టుకొచ్చాను.

రెండో గడి కోసం మాత్రం నేను చేసింది తప్పే. ఒక ఆదివారం ఎండ నెత్తి మీదుండగా నాలుగు షోరూంలకూ ఫోన్ చేశాను. మీ చిన్న ట్రాక్టరే కొన్నాం, పొలంలో ఆగిపోయింది, మనిషిని పంపమని చెప్పాను. ఒకరు ఎత్తలేదు. ఒకరు సోమవారం అన్నారు. ఒకరు బండి నంబరు, కొన్న తేదీ, ఇంటిపేరు అన్నీ అడిగి ఫోన్ పెట్టేశారు. నాలుగో చోట ఎక్కడ అని మాత్రమే అడిగారు. నేను పొలం ఆనవాలు చెప్పి, నోటుబుక్కులో రాసుకుని అన్నం వండుకుంటున్నాను. అంతలోనే తల నెరిసిన మెకానిక్ ఒకాయన బైకు మీద, నట్లు విప్పే పానాల సంచితో మా వాకిట్లో దిగాడు. పొలం దగ్గర చూసి, ట్రాక్టర్ కనపడక, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ ఇంటికి వచ్చాడట. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన సంచి కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు.

“కొనకముందే గింత సతాయిస్తున్నవ్, కొన్నంక ఎట్లనో అక్కా,” అన్నాడు.

అన్నం తినమంటే వద్దని మజ్జిగ తాగి పోయాడు. ఆయన పనిచేసే కంపెనీ బండినే తీసుకోవాలని నాకు అప్పుడే ఖాయమైంది. తక్కినవి మంచివే కావచ్చు. కానీ బురదలో దిగబడ్డ రోజు ఎండను చూడకుండా వచ్చేది ఈయనే.

మా పొలం దగ్గరికే కొత్త బండి తెచ్చి చూపించారు. క్లచ్ నా కాలికి వెన్నలా దిగింది. మలుపులో ఇంత చోటు చాలు. నేను ఒక చుట్టు వేసి వచ్చి, సంబరంగా మా ఆయన్ను ఎక్కమన్నాను. ఆయన అలవాటుగా ఎడమ పక్కకు వచ్చి, చెయ్యి చాపి మడ్‌గార్డు తడిమాడు. చిన్న బండి కదా, అది జానెడు వెడల్పు కూడా లేదు, పైగా వాలుగా ఉంది. ఆయన చెయ్యి దాని అంచు దాకా పోయి, జారి, మళ్లీ మొదటికొచ్చింది. కాలు పెట్టే చోటు కోసం పాదంతో వెతికాడు. అదీ లేదు. షోరూం వాళ్లు అటు తిరిగి చెరుకు తోట చూడసాగారు.

“బండి మంచిగుంది, తీస్కో. నాదేముంది,” అన్నాడు.

మూడు గడులు గీసినదాన్ని, చాయ్ హోటల్ ముందు పిచ్చిదానిలా కూర్చున్నదాన్ని, ఈయన ఎక్కడ కూర్చుంటాడన్నది నాకు ఒక్కసారీ తట్టలేదు. సిగ్గేసి బండి దిగాను. వెనక్కి పంపేద్దామన్నాను. తక్కినవీ ఇంతే వెడల్పు ఉంటాయని ఆయన నిదానంగా చెప్పాడు. ప్రతి షోరూంలోనూ తడిమి చూసుకున్నాడట. నాకు చెప్పలేదు.

బండి వచ్చింది, కాలువకు నీళ్లూ వచ్చాయి. కరిగెట మొదటి రోజు ఆయన్ను రమ్మంటే కాళ్లు గుంజుతున్నాయన్నాడు. రెండో రోజు అడిగితే అటు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు కోపమొచ్చి అడగడం మానేశాను. పొలం ఇంటి వెనక రెండు మడుల అవతలే. ఒక్కదాన్నే దున్నాను. ప్రతి మలుపులో ఎడమ పక్కకు తిరిగి, ఎత్తాలా దించాలా అని అడగబోయి నోరు మూసుకున్నాను. కోపం ఎవరి మీదో తెలియక రేస్ గట్టిగా తొక్కాను.

నాలుగో రోజు పొద్దెక్కాక చూస్తే, ఒడ్డు మీద ఆయన వస్తున్నాడు. చేతికర్రతో పచ్చిగడ్డి తడుముకుంటూ, జారుతూ, ఆగుతూ వస్తున్నాడు. నేను బండి ఆపి దిగబోయాను. చప్పుడు తగ్గడం విని, దిగొద్దని చెయ్యి ఊపాడు. మడి దాకా వచ్చి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

“మూడు దినాల సంది మూల్గుతుంది బండి. ఒక గేరు దించు. ఇంట్ల కూసోలేకపోతున్న,” అన్నాడు.

నేను గేరు దించి బండి కదిలించాను. చప్పుడు సాఫీ అయింది. ఆయన తల పక్కకు తిప్పి కాసేపు విని, కర్రతో చోటు చూసుకుని, ఆ తడి ఒడ్డు మీదే కూర్చున్నాడు.