రేపల్లె కాగితం

విజయవాడలో మా ఆఫీసు ఉన్న వీధిలో కరెంటు పోవడం ఇప్పుడు అరుదు. పోయిన మంగళవారం మధ్యాహ్నం పోయింది. పోగానే గది మూలనున్న యూపీయస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఒకసారి విసుగ్గా తలెత్తి మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నేను మాత్రం ఆ చప్పుడు వినగానే ఇప్పటికీ గడియారం వంక చూస్తాను. ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి రావచ్చు అని మనసు దానంతటదే లెక్క కడుతుంది. ఆ వెనకే సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ గురించి చాలామందికి చెప్పాను గానీ, చెప్పిన ప్రతిసారీ ఆవిడ మంచితనం దగ్గర ఆగిపోయాను. నా సంగతి దాకా ఎప్పుడూ రానివ్వలేదు. ఈసారి అదీ రాస్తాను.

నాకు మొదటి ఉద్యోగం తెనాలిలో, ఆసుపత్రులు నడిపే ఒక ట్రస్టులో దొరికింది. పెద్ద ఆసుపత్రి తెనాలిలోనూ, చిన్నవి బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటీ ఉండేవి. తెనాలి ఆసుపత్రి వెనక భాగంలో, ఎండాకాలంలో కూడా చలి పెట్టే ఒక గదిలో బీరువా అంత కంప్యూటరు ఉండేది. దాన్ని మెయిన్‌ఫ్రేమ్ అంటారు. హైదరాబాదులో ఎవరో వాడి పక్కన పెట్టేస్తే చైర్మన్ గారు కొనుక్కొచ్చారు. ఆ యంత్రానికీ, దాని చుట్టూ పనిచేసే మా అయిదుగురికీ పెద్ద దిక్కు సుభద్ర మేడమ్. చిల్లులు పొడిచిన పంచ్ కార్డులతో కంప్యూటర్లు నడిచిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్న మనిషి. రోజూ పొద్దున పాసింజరులో బాపట్ల నుంచి వచ్చేవారు. నేత చీర, చేతిలో టిఫిన్ డబ్బా, జేబు లేదు కాబట్టి జడలో గుచ్చుకున్న ఆకుపచ్చ సిరా పెన్ను. మేం నవ్వుకుంటామని ఆవిడకి తెలుసు. అయినా ఆ పెన్ను చోటు మార్చలేదు.

ఇంటర్వ్యూలో నన్ను కంప్యూటర్ల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మాది కాలవ పక్కనున్న సంగం జాగర్లమూడి అని దరఖాస్తులో చూసి, కాలవకి నీళ్ళు వదిలితే ముందు ఎవరి పొలం తడుస్తుందని అడిగారు. పైనున్నవాళ్ళదని చెప్పాను. మరి చివరివాళ్ళేం చేస్తారని అడిగితే, వంతు కోసం గట్టు మీద కూర్చుంటారన్నాను.

"అయితే నీకు ఈ ఉద్యోగం సగం వచ్చయ్యా. మిగతా సగం నేను నేర్పుతాలే," అన్నారు.

ఆవిడ నేర్పిన మిగతా సగం ఏమిటంటే కూర్చోవడం. ఏ పని తలపెట్టినా, ముందు ఆ కంప్యూటరు వాడేవాళ్ళ పక్కన తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఒక రోజంతా కూర్చోవాలి. గీతలు గీసిన పొడుగాటి కాగితం ఇచ్చేవారు. అరగంటకొక గడి. ఆ అరగంటలో ఎవరు ఏం చేశారో, ఎంతమంది వరసలో నిలబడ్డారో చేత్తో రాయాలి. యంత్రమే లెక్కలు ఇస్తుంది కదా మేడమ్ అని మొదట్లో వాదించాను. "ఎంత పని చేసిందో చెబుతుంది, ఎందుకు చేసిందో దానికేం తెలుసు?" అనేవారు. తెచ్చిన కాగితం గడి గడీ చదివి, ప్రశ్నలడిగి, తృప్తి కలిగితేనే మూలన ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం పెట్టేవారు. తృప్తి కలగకపోతే మళ్ళీ వెళ్ళి కూర్చోవలసిందే. నా సహోద్యోగి రమణ ఒక్కో చోటికి రెండేసి సార్లు తిరిగినవాడు. నన్ను మాత్రం ఏడాది తిరిగేసరికి వెనక్కి పంపడం మానేశారు. వాసు రాస్తే రాసినట్టే అని నలుగురిలోనూ అనేవారు. అది వింటే నాకు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

మూడో ఏడు ఆ పెద్ద పని వచ్చింది. అప్పటికి మూడు ఆసుపత్రుల్లోనూ కలిపి కౌంటర్ల పని నడిపే తొమ్మిది చిన్న సర్వర్లుండేవి. అన్నీ పాతబడి, వారానికొకటి మొరాయించేవి. వాటన్నిటినీ తీసేసి, ఆ తొమ్మిదింటి పనినీ మెయిన్‌ఫ్రేమ్ మీదికే తెద్దామన్నది మేడమ్ ఆలోచన. ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగలిగే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ అప్పటికే అలాంటి పెద్ద యంత్రాల మీద కూడా నడుస్తోంది. చైర్మన్ గారికి ఆవిడ చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. తొమ్మిది పాకలు పీకేసి ఒకే పెద్ద ఇంట్లో తొమ్మిది వాటాలు వేస్తున్నామండి, ఎవరి తలుపు వాళ్ళదే, బావి మాత్రం ఒక్కటే, అందరూ ఒకేసారి చేదతో రాకుండా చూసుకుంటే చాలు అన్నారు. ఆయన ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. మూడు ఊళ్ళూ మామూలుగా పనిచేస్తుండగా ఒక్క రోజు నడిపి చూపించాలి. నడిచిందా, మా విభాగం ఉంటుంది. నడవలేదా, మొత్తం పని హైదరాబాదులోని ఒక కంపెనీ చేతికి వెళ్ళిపోతుంది. మేడమ్‌కి ఎలాగూ రిటైర్మెంటు దగ్గరపడింది. ఆవిడ దిగులంతా మా అయిదుగురి గురించి.

ప్రయోగానికి ప్లాను రాయడం మొదలైంది. ఏ గంటలో ఏ వాటాకి ఎంత వంతు ఇవ్వాలన్నదంతా మేం తెచ్చే కాగితాల మీదే ఆధారపడి ఉంది. బాపట్ల రమణకి, రేపల్లె నాకు పడ్డాయి.

రేపల్లె కౌంటరులో కోటేశ్వరమ్మ గారని నడివయసు ఆవిడ ఉండేవారు. ఆవిడ పక్కన పొద్దున్న ఎనిమిదింటికి కూర్చున్నాను. పన్నెండున్నర దాకా బుద్ధిగా రాశాను. అప్పుడు నాతో చదువుకున్న స్నేహితుడు బండి మీద వచ్చాడు. పెనుమూడి దగ్గర కృష్ణ మీద కొత్త వంతెన తెరిచిన రోజులవి. ఇంకా చూడలేదా అంటూ లేవదీశాడు. సరిగ్గా ఒంటిగంటకి కరెంటు పోయింది. జనరేటరు ఆపరేషన్ గదికే గానీ కౌంటరుకి లేదు. తెర మీద బొమ్మే లేనప్పుడు చూడ్డానికేముంటుందని నాకు నేనే సర్ది చెప్పుకుని లేచాను.

కోటేశ్వరమ్మ గారు చీటీల మీద పేర్లు రాసుకుంటూ, "అదేంటి బాబూ, అప్పుడే వెళ్తున్నారా? మాకు అసలు పని మూడింటికేనండి, కరెంటొచ్చాక," అన్నారు.

మళ్ళీ వస్తానని చెప్పాను. వెళ్ళలేదు. వంతెన మీద గాలి బాగుంది. తాటిముంజలు తిన్నాం. సాయంత్రం తెనాలి రైలెక్కి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, మధ్యాహ్నం గడులన్నీ పొద్దుటి గడులు చూసి నింపేశాను.

మర్నాడు ఆ కాగితం ఇస్తే గంటలో ఆకుపచ్చ సంతకంతో తిరిగొచ్చింది. మేడమ్ కళ్ళు కప్పగలిగానని లోపల చిన్న గర్వం కూడా కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. ఆ వారమే రమణ బాపట్ల కాగితం బల్ల మీద చూశాను. రోజూ ఒంటిగంట నుంచి మూడింటిదాకా కరెంటు కోత, మూడింటికి రాగానే రెండు గంటల చీటీలన్నీ ఒక్కసారిగా కంప్యూటరులో ఎక్కిస్తున్నారు అని రాశాడు. రేపల్లెలోనూ అదే జరుగుతుందని నాకు ఆ క్షణాన అర్థమైంది. నోరు విప్పితే అయిపోయేది. మేడమ్ తిట్టి మళ్ళీ రేపల్లె పంపేవారు, అంతే. కానీ వాసు రాస్తే రాసినట్టే అన్న మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. రేపల్లె చిన్నది, ఏం కాదులే అనుకున్నాను.

ప్రయోగం రోజు మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా నడిచింది. చైర్మన్ గారు రెండుసార్లు వచ్చి చూసి, నవ్వుతూ వెళ్ళారు. మూడింటికి బాపట్ల చీటీలు పడ్డాయి. దానికి ప్లానులో చోటుంది. అదే నిమిషంలో రేపల్లె చీటీలూ పడ్డాయి. దానికి చోటు లేదు. ముందు రేపల్లె నెమ్మదించింది, తర్వాత బాపట్ల, ఆ పైన తెనాలి కౌంటర్లలో తెరలు బిగుసుకుపోయాయి. వరండాలో వరస గేటు దాకా పెరిగింది. ఒళ్ళు కాలిపోతున్న పసిపిల్లని భుజాన వేసుకున్న ఒకావిడ గాజు తలుపు అవతల నిలబడి మా వంకే చూడటం నేను మర్చిపోలేదు. మేడమ్ కంగారు పడలేదు. వెనక్కి వెళ్ళే దారి కూడా ఆవిడ ముందే రాసిపెట్టారు. ఇరవై నిమిషాల్లో పనంతా పాత సర్వర్ల మీదికి మళ్ళించారు. ఒక్క రోగి వివరం కూడా పోలేదు. కానీ చూడవలసినవాళ్ళు చూసేశారు.

సాయంత్రం చైర్మన్ గారు మా గదికొచ్చి, పొరపాటు ఎక్కడ జరిగింది, ఎవరిది అని అడిగారు. నేను మేడమ్ పక్కనే నిలబడి ఉన్నాను.

"ప్లాను నాదండి. సంతకం నాది. పొరపాటూ నాదే," అన్నారు మేడమ్.

రేపల్లె కాగితం నాదని చెప్పడానికి అదే సమయం. దాన్ని దాటిపోనిచ్చాను.

నెల తిరక్కుండా విభాగం మూసేశారు. పాత ఇనుముకి వేసిన యంత్రాన్ని లారీలోకి ఎక్కిస్తుంటే మేడమ్ చూడ్డానికి బయటికి రాలేదు. రమణ ఊళ్ళోనే సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు తలో దిక్కూ అయ్యారు. నాకు మాత్రం ఆ హైదరాబాదు కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. మేడమ్ స్వయంగా రాసిచ్చిన ఉత్తరం వల్లే వచ్చింది. నమ్మదగిన మనిషి అని అందులో ఉంది.

రెండేళ్ళ తర్వాత ఆవిడకి మూత్రపిండాలు పాడయ్యాయని తెలిసి బాపట్ల వెళ్ళాను. మేడమ్ భర్త, రిటైరైన మాస్టారు, తలుపు తీసి లోపలికి తీసుకెళ్ళారు. మేడమ్ మనిషి సగమయ్యారు. కుశలప్రశ్నలు అడగడానికి కూడా ఓపిక పట్టలేక, కుర్చీలో కూర్చుంటూనే మొత్తం చెప్పేశాను. వంతెన, ముంజలు, రైలు, కోటేశ్వరమ్మ గారి మాట, ఏదీ దాచలేదు. ఆవిడ అడ్డు తగలకుండా విన్నారు.

"తెలుసులేవయ్యా. ఆ సాయంత్రం చైర్మన్ గారు రాకముందే నీ కాగితం తీసి చూశాను. పొద్దుటి రాత తిన్నగా ఉంది, మధ్యాహ్నం రాత కుదుపులకి వంకర్లు పోయింది. రోజూ రైల్లో తిరిగినదాన్ని, రైల్లో రాసిన రాత తెలీదా?"

మరి ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పను? అందరి కాగితాలూ గడి గడీ చదివాను వాసూ. నీదొక్కటే చదవలేదు. నువ్వు రాశావు కదా అని సంతకం పెట్టేశాను. మరి పొరపాటు నాది కాక ఎవరిది?"

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. నేను ఏడ్చాను. ఆవిడ కాసేపు ఏడవనిచ్చి, మాస్టారిని పిలిచి కాఫీ పెట్టించారు. ఆ వానాకాలంలోనే పోయారు. కబురు నాకు ఆలస్యంగా అందింది. చివరి చూపు కూడా దక్కలేదు.

ఇప్పుడు నా కింద పన్నెండుమంది పనిచేస్తున్నారు. వాళ్ళు తెచ్చే ప్రతి కాగితం గడి గడీ చదువుతాను. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, ఆరేళ్ళుగా ఒక్క తప్పు చేయలేదు. మొన్న ఆమె కాగితం రెండోసారి చదువుతుంటే, "నన్ను కూడా నమ్మరా సార్?" అని అడిగింది. సుభద్ర మేడమ్ నన్ను నమ్మినట్టు ఒక మనిషిని నమ్మడం నాకు చేతకాకుండా పోయింది, చేతకాకుండా చేసుకున్నది నేనే. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను మిగిలిన గడులు చదివి సంతకం పెట్టాను.