తిథి తెలియని తాత

ఆయన పేరు నేను అడగలేదు. రంగూన్ నుంచి తన్లిన్ ఊరికి వెళ్లే బస్సులో పక్క సీట్లో కూర్చున్న అమెరికా పెద్దాయన, సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల నాన్న బాంబర్ విమానంలో పనిచేశాడట. అప్పట్లో జపాన్ వాళ్ల చేతిలో ఉన్న రంగూన్ మీద బాంబులు వేసి వెళ్లిన రోజులన్నీ అందులో రాసుకున్నాడట.

మా తాత రంగూన్ రేవులో బియ్యం మూటలు మోసేవాడు. ఒక దాడి తర్వాత ఇంటికి రాలేదు. అందరూ తలో దిక్కుకూ పారిపోయిన ఆ రోజుల్లో, అది ఏ తారీకో ఎవరికీ గుర్తులేదు. తిథి తెలియదు కాబట్టి ఇప్పటికీ మహాలయ అమావాస్య నాడే ఆయనకు పిండం పెడుతున్నాం.

పెద్దాయన పేజీలు తిప్పాడు. ప్రతి దాడికీ తారీకు ఉంది, బయలుదేరిన వేళ ఉంది. తిరిగొచ్చి ఏం తిన్నారో కూడా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ముందు సీట్లోంచి నా తోడబుట్టిన అప్ప తిరిగి చూసింది. "ఏటంతన్నాడ్రా?"

"తాత పోయిన రోజు ఈల్ల పుస్తకంలో ఉండే ఉంటాది అప్పా."

"అయితే ఏ తారీకో అడుగు. పంతులు తిథి సూసి పెడతాడు."

తాత సంగతి చెప్పి అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని వేలితో వరసగా చూసుకుంటూ వచ్చాడు. "రేవు మీదికి ఐదుసార్లు వెళ్లారు. మీ తాతగారిది ఇందులో ఏది?" అన్నాడు.

ఎంతో మర్యాదగా, నన్నే అడిగాడు.

ఈసారి కూడా అమావాస్య నాడే పెట్టాం.