గొర్రె తర్వాత చేను

ఆరో తరగతిలో నాకు జరిగిన అన్యాయం గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. మొన్న చిట్యాల దగ్గర కోత అయిన చేలో గొర్రెల మంద వాసన తగలగానే మళ్లీ మండింది.

అప్పుడు బడిలో సారు ఆహారపు గొలుసు రాయమంటే, మా గొర్రెలకూ సైన్సులో చోటుందని సంబరపడి గడ్డి, గొర్రె, చేను అని రాశాను.

"చేను గొర్రెను తింటదా పిల్లా?" అంటూ సారు చేనును కొట్టేసి తోడేలు అని దిద్దారు. తరగతంతా నవ్వింది. మా గుట్టల్లో నేను తోడేలును ఎన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చి ఏడిస్తే నాయిన అన్నాడు: "గొర్రెను తినదు బిడ్డా, పెంటికలను తింటది. గందుకే గదా రైతులు మన మందను చేండ్లల్ల పండబెట్టుమనేది."

తప్పు రాసింది నిజమే, గొర్రె వేరు, ఎరువు వేరు. కానీ మంద పడుకున్న చోట ఇప్పటికీ జొన్న ఏపుగా లేస్తుంది. మట్టి తిన్నది మళ్లీ మొలకై వస్తుంటే, ఆ మట్టిని గొలుసులో ఎక్కడ రాయాలి సారూ? ఇప్పుడైనా చెప్పండి.