వాయిదాల వకీల్ సాబ్

పోయిన సోమవారం పొద్దున కోర్టు గుమస్తా మా గుమ్మంలో నిలబడి "వకీల్ సాబ్ పోయిండు" అన్నప్పుడు నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నా అర్జీలో మూడు తప్పులు పట్టి, "ఇంత చదివి ఏం ఫాయిదా రా" అని విసుక్కున్న మనిషి ఆయన. ఇబ్రహీంపట్నం మున్సిఫ్ కోర్టులో ఒక తరం పాటు వాదించిన పురుషోత్తమరావు గారు దివంగతులయ్యారని రాయడానికి ఈ చేయి ఇంకా ఒప్పుకోవడం లేదు.

పాడె వెంట నడిచిన వారందరూ ఏడవలేదు. ఆ మాట దాచి మహాత్ముడని పొగిడితే ఆయనే నన్ను ఎగతాళి చేసేవారు. "ఎవల మనిషో తెల్వకుండనే పోయిండు" అని నా వెనక ఎవరో అన్నారు. రజాకార్ల రోజుల్లో ఆయనను వాళ్ల మనిషి అన్నారు. పోలీసు చర్య తర్వాత కొందరు కమ్యూనిస్టు సంఘపోళ్ల మనిషి అన్నారు, మరికొందరు పోలీసు క్యాంపుకు కబుర్లు చేరవేసేవాడన్నారు. మహేశ్వరం దిక్కు పల్లె నుంచి వచ్చిన మల్లయ్య అనే రైతు అంతదూరంలో రోడ్డు మీదే నిలబడ్డాడు. దగ్గరకు రాలేదు, చేతులు జోడించలేదు. అతడెందుకు రాలేదో నాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఆయనను అందరికంటే ఎక్కువగా అనుమానించింది నేను. ఆయన శిష్యుణ్ణి, తర్వాత అల్లుణ్ణి అయినవాణ్ణి.

మా ఆఫీసు ఒకటే గది. ఒక బల్ల వకీల్ సాబ్‌ది, ఎదుటి బల్ల ఆయన భాగస్వామి గౌస్ సాబ్‌ది. వాది ఈ బల్ల దగ్గర కూర్చుంటే ప్రతివాది ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు. కోర్టులో ఇద్దరూ పరస్పరం దూషించుకునే తీరుకు మున్సిఫ్ గారే తల పట్టుకునేవారు. సాయంత్రం మాత్రం ఒకే కెటిల్‌లోని చాయ్ తాగేవారు. ఒక గదిలో కూర్చుని రెండు పక్షాల వకాలత్ పట్టడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది? ఆ దావాలైనా దావాలా? గట్టు మీది తుమ్మచెట్టు నీడ ఎవరిదని ఒకటి. పొరుగింటి కోడి మా దొడ్లోనే ఎందుకు కూస్తుందని మరొకటి. వాటిలో ఒక్కటీ తేలేది కాదు. తేలబోతుందనగానే ఇద్దరూ ఏకకంఠంతో వాయిదా అడిగేవారు. ఊరు ఆయనకు వాయిదాల వకీలని పేరు పెట్టింది.

నన్ను మరింత కలవరపెట్టింది ఆయన రాయించే వివరం. కక్షిదారు రాగానే కేసు అడగకుండా మనిషిని ఆపాదమస్తకం పరికించేవారు. ఎత్తెంత, పుట్టుమచ్చ ఎక్కడ, మోకాలి మీద గాటు ఎప్పటిది, అన్నీ నాతో రాయించేవారు. "మచ్చ ఎడమ దిక్కా కుడి దిక్కా, సరిగ్గ చూసి రాయి" అని గద్దించేవారు. పల్లెల్లో మనుషుల కోసం వెతుకులాట సాగుతున్న కాలమది. ఈ ఆనవాళ్లన్నీ ఎవరి చేతికి పోతున్నాయని నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన కూతురు సుశీలతో, "మీ బాపు పోలీసోళ్ల మనిషేమో" అన్నాను. అప్పటికే మా సంబంధం ఖాయమైంది.

ఆమె నా ముందున్న పళ్లెం వైపు చూసి, "గట్లయితే మా ఇంట్ల ఎందుకు తింటున్నవ్?" అంది. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

పోలీసు చర్య అయింది. గౌస్ సాబ్ ఇల్లు కదలడానికి జంకుతున్న ఆ వారాల్లోనే వకీల్ సాబ్ ఆయన మీద సొంతంగా దావా వేశారు. ఆఫీసు కిటికీ ఎవరిదో తేల్చమని! కష్టకాలంలో ప్రాణమిత్రుణ్ణి కోర్టుకు ఈడ్చిన ఈయన కంటే కృతఘ్నుడు ఉంటాడా అనుకున్నాను.

కొన్నాళ్లకు, నా బుద్ధి ఇంకా అలాగే ఉడుకుతున్నప్పుడు మల్లయ్య, అతని అన్న ఎల్లయ్య పేషీకి వచ్చారు. బావిలో మోట వంతు కోసం అన్నదమ్ములు రెండేళ్లుగా వ్యాజ్యమాడుతున్నారు. కోర్టులో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యాహ్నం నేను గోడవారగా వస్తుంటే, వెనకాల ఇద్దరూ ఒకే గుడ్డలోని జొన్నరొట్టె తుంచుకుని తింటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కలిసి రొట్టె తినే అన్నదమ్ములను ఈ ఇద్దరు వకీళ్లు కూడబలుక్కుని తిప్పుతున్నారని తీర్మానించుకున్నాను.

ఆ రోజు వకీల్ సాబ్, గౌస్ సాబ్ ఇద్దరూ పట్నం పోయారు. నేను రాజీ కాగితం రాసి వేలిముద్ర వేయమన్నాను.

"వకీల్ సాబ్‌ను ఒకమాట అడిగి ఏస్తం సారూ" అన్నాడు ఎల్లయ్య.

"నేను వకీల్ను కానా?" అన్నాను.

నల్లకోటుకు భయపడి ఇద్దరూ వేలు నొక్కారు. దావా ఆ పూటే కొట్టివేయబడింది. నేను లోకాన్ని ఉద్ధరించినంత గర్వంగా ఇంటికి పోయాను.

పదిరోజులకు ఆ పల్లెలో పోలీసులు మనుషులను పట్టుకుపోయారు, ఎల్లయ్యను కూడా. వాళ్లలో పేషీ ఉన్న ఇద్దరు కోర్టుకు హాజరు కాకపోతే ఎదుటి బల్ల వకీలు నిలబడి అరిచారు: నా కక్షిదారు దావాకు జవాబు చెప్పవలసిన మనిషి ఎక్కడ? ఇదిగో ఆనవాళ్లు, ఇదిగో మచ్చ. కోర్టు పోలీసు క్యాంపుకు కాగితం పంపింది. ఆ ఇద్దరూ ప్రాణాలతో వచ్చారు. ఎల్లయ్యకు పేషీ లేదు. అతడు ఎక్కడని కోర్టు అడగలేదు. వకీల్ సాబ్ స్వయంగా క్యాంపుకు పోతే, అలాంటి మనిషిని తేనేలేదన్నారు. ఎల్లయ్య ఈనాటికీ తిరిగి రాలేదు.

గౌస్ సాబ్ ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "బేటా, దావా ఉన్న మనిషిని మాయం చేసుడు కష్టం. దోస్తు అడిగితే నువ్వూ వాళ్లోనివే అంటరు. దుష్మన్ అడిగితే జవాబు చెప్పాలె. గందుకే మేం దుష్మన్లం. నా మీద కిటికీ దావా ఎందుకేసిండనుకుంటున్నవ్?"



మరునాడు మల్లయ్య వచ్చాడు. నేను ఫైళ్లు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. అతడు నా వైపు తిరిగేలోపే వకీల్ సాబ్ లేచి నిలబడ్డారు. "పిలగానిది తప్పు లేదు మల్లయ్యా. రాజీ రాయుమని పోయింది నేనే. తొందరపడ్డ" అన్నారు. మల్లయ్య ఆయన గడపలో ఉమ్మి వెళ్లిపోయాడు. నేను అప్పుడు మాట్లాడలేదు. తర్వాతా మాట్లాడలేదు.

పెళ్లయ్యాక ఒక్కసారే అడిగాను, ఎందుకలా చెప్పారని. "నీకు ఇంకా మస్తు ఏండ్ల వకాలత్ ఉంది. నన్నయితే ఎట్లనూ ఎవలూ నమ్మరు" అన్నారు. మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు. నా తప్పును ఆయన మోసినన్నాళ్లు నేను పెద్దమనిషిగా చలామణి అయ్యాను. సిగ్గుతో చెబుతున్నాను, అది నాకు సుఖంగానే ఉండింది.

అటువంటి వకీలు ఇక మా కోర్టుకు రారు. తన మంచిపేరును ఎవరు పణంగా పెడతారు, అదీ నా వంటి వాడి కోసం?

మల్లయ్యా, ఈ కాగితం నీకు ఎవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నాను. ఆ రోజు నన్ను రాజీ రాయమని ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలియకుండా, ఆయన మీది అనుమానంతో, ఆయనను అడిగి వేస్తామన్న మీ మాట వినకుండా నేనే రాశాను. నీ అన్నను నేను పోగొట్టాను. నువ్వు ఉమ్మవలసిన గడప నాది. నా మీద దావా వెయ్యి. నీ పక్షాన నిలబడతానని గౌస్ సాబ్ నిన్ననే మాట ఇచ్చారు. నేను వాయిదా అడగను.