బాయిలర్ మీద గసగసాలు

1984 వానాకాలంలో నేను బొంబాయిలో ఒక రైల్వే వర్క్‌షాపు నమూనాల విభాగంలో ప్రొబేషన్ మీదున్న ఫిట్టర్ని. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే తప్పుకుంటున్న రోజులవి. అలా తప్పుకున్న ఇంజన్‌కు ముప్ఫై రెండో వంతు కొలతలో ఇత్తడి నమూనా చేసి ప్రదర్శనకు పెట్టడం మా పని. నాకు అప్పగించింది బాయిలర్. తనిఖీలో అది పాసైతే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఫాక్‌లాండ్ రోడ్డులో మా నాయిన కిరాణా దుకాణం, అందులో నాకోసం ఖాళీగా ఉంచిన స్టూలు.

బేరం మా ఇంటి విద్య. కామాటిపురాలో మేముండే చాల్‌లో, గదులన్నింటికీ ఉన్న ఒక్క కొళాయి దగ్గర కూడా ముందున్నవాళ్లతో బేరమాడి రెండు బిందెలు ముందుకు జరిగేవాణ్ని. వర్క్‌షాపులోనూ అది చెల్లుతుందనుకున్నాను.

నమూనా బాయిలర్ నిజమైనదిగా కనబడేది రివెట్లతోనే. అసలు ఇంజన్‌లో రేకుల్ని బిగించే ఆ గుండ్రటి తలలు మా కొలతలో గసగసాలంత వస్తాయి. వాటిని విడిగా అతికించరు. చదును రేకును సీసపు దిమ్మ మీద బోర్లా వేసి, గీత వెంబడి మొద్దుమొన పంచ్‌తో వెనకనుంచి ఒక్కొక్కటే నొక్కితే అవతల బుడిపెలు లేస్తాయి. ఆ తర్వాతే రేకును గొట్టంగా చుట్టి టంకం పెట్టాలి. నేను తొందరలో ముందే చుట్టేసి, రెండు చివరలా మూతలు కూడా పెట్టేశాను. ఇక లోపలికి పంచ్ కాదు కదా, సూది కూడా పోదు.

విప్పితే తనిఖీ గడువు దాటుతుంది. దుకాణంలో పెరిగినవాడి బుర్ర దుకాణం వైపే పోయింది.

"నాయినా, చిటికెడు గసగసాలు ఇయ్యి."

"చిటికెడు కోసం డబ్బా మూత తియ్యాల్నా? దేనికి?"

"ఇంజన్‌కు."

అమ్మ లోపలినుంచి అంది: "కుర్మా వండే ఇంజన్ గావచ్చు, ఇయ్యరాదు!"

తుమ్మజిగురు పెట్టి, పట్టకారుతో ఒక్కో గింజా అతికించి, పైన పలచగా బూడిదరంగు ప్రైమర్ పూత వేశాను. ఫిట్టర్ల పని చూసే చార్జ్‌మన్ పవార్ సాబ్ వంగి చూసి తలూపి వెళ్లారు. ఆయన తలూపితే మెచ్చుకున్నట్టే లెక్క.

తనిఖీ నాటికి ముసురు పట్టింది. వర్క్స్ మేనేజర్ భూతద్దం పట్టుకుని, రివెట్లు ఇంత గుండ్రంగా ఎలా కొట్టావని అడిగారు. చేతివాటం సార్, అన్నాను. అప్పుడే ఒక రివెట్ నడవడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకటి. తేమకు జిగురు మెత్తబడి గింజలు జారాయి. చీమలు వాటిని బూడిదరంగు కోటుతో సహా ఎత్తుకుని కిటికీ వైపు వరుసకట్టాయి.

నోరు మూసుకోవలసిన చోట నేను అమ్మకం మొదలుపెట్టాను. "పాత ఇంజన్ కదా సార్, అక్కడక్కడ రివెట్లు ఊడితేనే సహజంగా ఉంటుంది."

"ఊడతాయి, సరే," అన్నారాయన. "షెడ్డులోంచి నడుచుకుంటూ బయటికి పోతాయా?"

పవార్ సాబ్ గోడవైపు తిరిగారు. ఆయన భుజాలు అదురుతున్నాయి.

ఆఖరి బేరం కూడా వదల్లేదు. జనం చూసే వైపే కొత్త రివెట్లు కొడతాను, రెండోవైపు ఎలాగూ గోడకే కదా అన్నాను. మేనేజర్ భూతద్దం జేబులో వేసుకున్నారు. నా ప్రొబేషన్ పొడిగించమని చెప్పి వెళ్లిపోయారు. పవార్ సాబ్ కొత్త ఇత్తడి రేకు నా ముందు పడేశారు. "రెండు వైపులా కొట్టు. చుట్టే ముందు తెచ్చి చూపించు."

చూపించాను. పొడిగించిన గడువులో ఆ బాయిలర్ పాసైంది, ఉద్యోగం నిలిచింది. ఆ సంగతి చెప్పిన సాయంత్రం నాయిన స్టూలు మీద చింతపండు బస్తా పెట్టాడు.

సన్నపని ఎంత సన్నగా చేశామన్నది తర్వాతి మాట. ముందు ఏది ముందో తెలియాలి. లోపలినుంచి చేయాల్సింది మూత పెట్టకముందే చేయాలి. మూత పెట్టిన బాయిలర్‌తో నాకు బేరం కుదరలేదు.