గడియారం కోసం జరిపిన సున్నం గీత

రాస్తున్నావా? రాయి మరి. రాష్ట్రం రెండు కాకముందు సంగతి ఇది. మీ అమ్మకు ఇంకా పెళ్ళి కాలేదు. కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రాత పరీక్ష దాకా పోవాలంటే ముందు పరుగులో నెగ్గాలి, ఆ తర్వాత దుంకాలి, గుండు విసరాలి. ఆడపిల్లలకు రెండున్నర కిలోమీటర్లు, వాళ్ళు ఇచ్చిన టైములోపల. కొంచెం దాటినా ఇంటికి పంపిస్తారు. అంతకుముందు ఒకసారి పోయి, ఆఖరి రౌండులో కడుపు పట్టేసి కూలబడింది. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టే వీలు లేదు.

మాది నిడమనూరు దగ్గర. గొర్లను వదిలి మీ తాత ఎక్కడికీ రాలేడు. అందుకని నేనే సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని మీ అమ్మతో ఉన్నాను. వండిపెట్టడం నా పని. తెల్లవారగానే ఆమె వెంట కాలేజీ గ్రౌండుకు పోయి, ఆమె చెప్పులూ నీళ్ళ సీసా పట్టుకుని కూర్చోవడం కూడా నా పనే. పోలీసు ఉద్యోగాలకు కోచింగ్ తీసుకునే పిల్లలందరూ అక్కడే ఉరికేవాళ్ళు. చుట్టూ సున్నంతో ఒక గీత ఉండేది. అక్కడి డ్రిల్లు సారు టేపు పట్టి కొలిచి గీయించిన గీత అది. దాని వెంట ఒకసారి తిరిగితే నాలుగు వందల మీటర్లు. మీ అమ్మ రోజూ ఉరికేది, రోజూ కొంచెం వెనకబడేది. 

అప్పుడు వచ్చాడు నా తమ్ముడు. కోదాడలో ఉంటాడు, మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీలు తిప్పేవాడు. దుబాయి నుంచి వచ్చిన దోస్తు దగ్గర ఒక గడియారం కొని మేనకోడలికి తెచ్చాడు. ఇంత లావుగా, నల్లగా, కప్ప కూర్చున్నట్టు ఉంది చేతి మీద.

"అక్కా, ఇది ఉత్త టైము చూసుకునే గడియారం కాదు. ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడుతుంది. ఎంత దూరం ఉరికిందో మీటర్లతో సహా చెప్పేస్తుంది" అన్నాడు.

"ఆకాశంల ఉన్నోనికి నా బిడ్డ యాడ ఉరుకుతుందో ఎట్ల తెలుస్తదిరా?"

"నీకెందుకే? నువ్వు కూర వండు."

మరుసటి రోజు అందరం గ్రౌండుకు పోయాం. మీ అమ్మ గీత మీదే ఒక రౌండు ఉరికి వచ్చింది. గడియారంలో నాలుగు వందలు దాటి ఇంకా పది పదిహేను మీటర్లు ఎక్కువ కనిపించింది. ఇంకో రౌండు, మళ్ళీ ఎక్కువే. నా తమ్ముడు తొడ చరిచాడు.

"చూశావా! గ్రౌండే తప్పు. పిల్లతో రౌండుకింత ఎక్కువ ఉరికిస్తున్నారు. ఇట్లయితే టైముకు ఎట్లా వస్తుంది?"

మీ అమ్మ గీత వైపు చూసింది. "సారు టేపుతోని కొలిచిండంట గద మామా."

"టేపు పట్టింది మనిషే కదమ్మా. ఇది మనిషి కాదు, మిషను."

ఇక్కడ నీకొక మాట చెప్పాలి. మా వైపు మేనమామ తెచ్చినదానికి వంక పెట్టరు. పుట్టువెంట్రుకలు తీసేది మేనమామ ఒళ్ళోనే, చెవులు కుట్టించేది మేనమామే. ఆయన తెచ్చిన గాజులు బిగుతైతే చేతికి సబ్బు రాసుకుని ఎక్కించుకుంటాం కానీ, బిగుతయ్యాయని అనం. ఆ గడియారం సంగతీ అంతే. అది తప్పు చెబుతుందేమోనని అనడానికి మీ అమ్మకు నోరు రాలేదు. నా తమ్ముడు అంతటితో ఆగాడా? రెండు రోజుల్లో లారీలో సున్నం బస్తా వేసుకుని వచ్చాడు. కోచింగ్ పిల్లలు సంబరంగా చేతులు కలిపారు. రౌండు తగ్గుతుందంటే ఎవరికి చేదు? డ్రిల్లు సారు అప్పుడు సెలవులో ఉన్నాడు. మూలమలుపుల దగ్గర రెండు మూడు అంగలు లోపలికి జరిపి కొత్త గీత పోశారు. మీ అమ్మ ఉరికి వస్తుంది, నా తమ్ముడు గడియారం చూస్తాడు, "ఇంకొంచెం లోపలికి" అంటాడు. సరిగ్గా నాలుగు వందలు చూపించేదాకా జరిపారు.

ఆ రోజు నుంచి గ్రౌండులో పండగే. మీ అమ్మ టైములోపల వచ్చేస్తోంది. ఆమె ఒక్కతేనా, ఎప్పుడూ అందరికంటే వెనక వచ్చే లావు పిల్ల కూడా వచ్చేస్తోంది! అందరూ నా తమ్ముణ్ణి కోచు సారు అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన మెడలో ఒక ఈల వేసుకున్నాడు. నాకూ ధైర్యం వచ్చింది. మీ తాతకు ఫోను చేసి, "అయితది, ఈసారి అయితది" అని చెప్పాను.

మీ అమ్మకు మాత్రం ఒక అనుమానం ఉండేది. గడియారం ఒకే గీత మీద ఒకరోజు ఒక లెక్క, మబ్బు పట్టిన రోజు ఇంకో లెక్క చెప్పేది. అడిగితే, "మబ్బులో చూపు ఆనదు కదమ్మా" అనేవాడు మామ.

పరుగు దగ్గర పడుతుండగా మిర్యాలగూడలో ఒక కోచింగు వాళ్ళు నిజం పరీక్షలాగే ఉరికించి చూస్తామంటే అందరం బస్సెక్కి పోయాం. నా తమ్ముడు ఈల మెడలో వేసుకునే వచ్చాడు. అక్కడి గీత అక్కడిదే, దాన్ని ఎవరూ జరపలేదు. ఈల మోగింది. మీ అమ్మ బాగానే ఉరికింది, నేను చూశాను, కడుపు పట్టుకోలేదు, ఆగలేదు. అయినా ఆమె వచ్చేసరికి టైము అయిపోయింది. సూర్యాపేట నుంచి పోయిన వాళ్ళలో టైముకు వచ్చింది ఒక్కరూ లేరు. మిర్యాలగూడ పిల్లలు చూసి ఊరుకుంటారా?

"సూర్యాపేటోళ్ళు బస్సుల కూసొని ఉరికిండ్రేమో ఇన్ని దినాలు!"

"కోచు సారు ఈల ఊది ఊది దమ్ము పోయినట్టుంది, జర నీళ్ళియ్యిండ్రి!"

మీ అమ్మ ఏడవలేదు. సరాసరి పోయి అక్కడి సారు ముందర గడియారం చెయ్యి పెట్టింది. "సార్, ఇది తప్పు చెప్తదా?"

ఆ సారు నవ్వలేదు, మంచి మనిషి. "తప్పు అనొద్దమ్మా. మీ ఊరి నుంచి కోదాడకు రోడ్డు మీద ఉరుకు, మంచిగనే చెప్తది. కానీ అది నువ్వు యాడున్నవో ఆకాశం నుంచి అందాజ చేస్తది, ఉజ్జాయింపుగ అన్నట్టు. గా అందాజ నాలుగడుగులు ఇటో అటో పోతది. నువ్వు గీత మీదనే సక్కగ ఉరికినా, అది నిన్ను గీతకు ఈ పక్కొకసారి, ఆ పక్కొకసారి సూపిస్తది. తాగినోడు నడిచినట్టు. వంకరకు నడిచిన దూరం ఎక్కువ వస్తది గద? గ్రౌండు మీద తిరిగిన కొద్దీ ఆ ఎక్కువంత కూడుతనే ఉంటది. ట్రాకు మీద టేపు మాటే ఇనాలె."

"మరి టైము సార్?"

"టైము పక్కా. దూరం ఒక్కటే నమ్మకు."

బస్సులో నా తమ్ముడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈల ఎప్పుడు తీసేశాడో, మెడలో లేదు.  బిడ్డ వైపు చూడనా, తమ్ముడి వైపు చూడనా? నేరేడుచర్ల దాటాక ఆయనే అన్నాడు.

"దాన్ని తీసి పారేయమ్మా."

"ఎందుకు పారేస్త మామా? టైము పక్కానే గద. అది చెప్పే దూరం ఇంటలేను, అంతే."

"నావల్లే కదా నీ రోజులన్నీ పోయినయ్."

"పోయినయ్ పోయినయి. ఉన్నయి సూడు. రేపు పొద్దున చీపుర్లు తీస్కొని రా."

మర్నాడు కోచింగ్ పిల్లలందరూ కలిసి కొత్త గీతను ఊడ్చారు. సున్నం ఊరికే పోతుందా? నీళ్ళు చల్లి, కాళ్ళతో రుద్ది, మట్టి కప్పారు. సెలవు నుంచి వచ్చిన డ్రిల్లు సారు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "నేను లేకుంటే గ్రౌండునే చిన్నగ చేసిండ్రా! మీరు పోలీసులైతే జిల్లా ఎంత మిగులుతదో!" అన్నాడు. తిడుతూనే టేపు తెచ్చి పాత గీతను మళ్ళీ గీయించాడు.

మీ అమ్మ గడియారం విప్పి మామ చేతికిచ్చింది. ఆమె రౌండు తిరిగి వచ్చినప్పుడల్లా ఆయన టైము గట్టిగా అరవాలి. దూరం చూడకూడదు. మొదటి రోజు ఆమె మిర్యాలగూడలో కంటే వెనకబడింది. రెండో రోజూ అంతే. నేను పాణం ఆగక, "బిడ్డా, ఒక్కదినం ఆగరాదే, కాళ్ళు గుంజుతున్నయి గద" అన్నాను.

"అమ్మా, నువ్వు గట్ల అనకు. నువ్వంటే నేను నిజంగనే ఆగుత."

ఇక నేను అనలేదు. పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి ఉరికేది. గదికి వస్తే వేడినీళ్ళు కాచి కాళ్ళకు పోసేదాన్ని. నా తమ్ముడు లారీలు వేరేవాళ్ళకు అప్పగించి మా గది బయట వరండాలోనే పడుకున్నాడు. పొద్దున మాకంటే ముందే లేచి తలుపు కొట్టేవాడు. ఆమె ఆఖరి రౌండులో ఉన్నప్పుడు అంత పొట్ట వేసుకుని పక్కన ఉరికేవాడు. "మామా, నీ ఆయాసం ఇంటే నాకు ఆయాసమొస్తది, జరుగు!" అని అరిచేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. నవ్వుతూ ఉరికినా, ఆమె కొంచెం కొంచెంగా ముందుకు వచ్చింది. పరుగుకు పోయే ముందురోజు కూడా అంత అంచున వచ్చింది, టైములోపలేనా కాదా అని పక్కన నిలబడి చూసిన ముగ్గురివీ మూడు మాటలు.

నల్లగొండలో పరుగు. గేటు లోపలికి మమ్మల్ని రానివ్వలేదు, ఆమె చేతికి ఏ గడియారమూ పెట్టుకోనివ్వలేదు. గోడ అవతల ఈల వినిపించింది. తర్వాత బూట్ల చప్పుడు, ఒకసారి దగ్గరికి, మళ్ళీ దూరంగా. ఏ అడుగులు మీ అమ్మవో నాకెట్లా తెలుస్తుంది? నా తమ్ముడు గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. టైము అయిపోయిందని రెండో ఈల మోగింది. చాలాసేపటికి గేటు పక్కన చిన్న తలుపు తెరిచి, టైముకు రాని ఆడపిల్లలను ఒక్కొక్కరినే బయటకు పంపించారు. ఒక్కొక్క ముఖమే చూశాను. వాళ్ళలో మీ అమ్మ లేదు. అయినా నాకు నమ్మకం కలగలేదు.

ఆఖరుకు ఆ తలుపు సందులోంచి మీ అమ్మే తల బయటపెట్టింది. ముఖమంతా ఎర్రటి మట్టి.

"ఏమైందే?"

"అయింది. దాటిన."

"ఎంత టైముల దాటినవ్?"

"ఏమో అమ్మా, ఎవరు సూసిండ్రు? ఇంక దుంకుడుంది, గుండు ఇసురుడుంది. రెండు అరటిపండ్లియ్యి, జల్ది, పిలుస్తున్నరు."

పండ్లు చేతిలో పెట్టాను. ఒకటి అక్కడే నోట్లో కుక్కుకుని, తొక్క నా చేతిలో పెట్టి, లోపలికి ఉరికింది.